మిర్యాలగూడలో గుంజుకున్న చెయ్యి

ఆ రోజు పొద్దున స్కూలు గ్రౌండులో పిల్లల చేత పరుగులు తీయిస్తుంటే కోదాడ నుంచి వదిన ఫోను చేసింది. "తమ్ముడూ, మీ అన్న లేవట్లేదు" అన్నది. నాకు అర్థం కాలేదు. "లేపు వదినా, మందుబిళ్ల వేసుకొని పండుకున్నడేమో" అన్నాను. "లేడయ్యా ఇంక. బయలుదేరు" అన్నది. గుండె నిద్రలోనే ఆగిపోయిందట.

అలాంటి మాట విన్నప్పుడు మనిషికి ఏడుపు రావాలి. నాకు ముందు భయం వచ్చింది. ఆ వీధిలోకి నన్ను రానిస్తారా అని. మెడలో విజిల్ తీయకుండానే సూర్యాపేట బస్టాండుకు పోయి కోదాడ బస్సు ఎక్కాను. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు అదే దిగులు.

ఎందుకంటే అన్న ఉండే వీధి మొత్తానికి నేను అన్నను మోసం చేసిన తమ్ముణ్ని. కుస్తీ రింగులో, అంత జనం ముందు, కింద పడి చెయ్యి చాచిన అన్నకు చెయ్యి ఇవ్వకుండా దిగి వెళ్లిపోయినవాణ్ని. ఆ పని నేను చేశాను, లేదనను. ఎందుకు చేశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పెద్దకర్మ అయిన మర్నాడు వదిన నన్ను కూర్చోబెట్టి, "అప్పుడు చెబితే ఆయన పని పాడయ్యేది. ఇప్పుడు చెప్పకపోతే నువ్వు పాడవుతావు. రాయి" అన్నది. అందుకని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మేం అన్నదమ్ములం కాము. ఆయనది గరిడేపల్లి దగ్గర ఒక పల్లె, గొర్రెల కాపరుల ఇల్లు. నాది మునగాల. మా నాన్న పొలాల్లో కూలి, మా అమ్మ ఆదివారం చర్చిలో పాటలు పాడేది. మమ్మల్ని ఒక తల్లి పిల్లలను చేసింది కుస్తీ కంపెనీ వాళ్ల పోస్టరు. దాని మీద మా ఇద్దరి బొమ్మలు వేసి, కింద ఎర్రటి అక్షరాలతో 'అన్నదమ్ముల జోడీ' అని అచ్చువేశారు. ఆయనకున్న పోస్టరు పేరు ఇక్కడ రాయను. నాకు ఆయన అన్న, అంతే. పోస్టరు చింపేసినా ఆ పిలుపు పోలేదు.

ఆయన పంజాబు వైపు పోయి ప్రొఫెషనల్ కుస్తీ నేర్చుకుని వచ్చాడు. టీవీలో చూసే రకం, తాళ్లు కట్టిన రింగు, మెరిసే బట్టలు, మైకులో అరుపులు. తిరిగొచ్చాక హైదరాబాదు కంపెనీ ఒకటి మన వైపు ఊళ్లలో ఆటలు పెడుతుంటే అందులో చేరాడు. జోడీ కోసం వెతుకుతూ మునగాలలో కబడ్డీ పోటీలకు వచ్చాడు. నేను ఆ రోజు రెఫరీ కాలరు పట్టుకుని బయటికి గెంటించుకుని, చెట్టు కింద కూర్చుని ఇంకా తిడుతున్నాను. పక్కకు వచ్చి కూర్చుని, "కోపం మస్తున్నది నీ దగ్గర. అమ్ముకుందమా?" అన్నాడు.

అమ్ముకున్నాం. చాలా ఏళ్లు అదే మా బతుకుదెరువు.

వాళ్ల గొర్రెల దొడ్డి పక్కన వరిగడ్డి మందంగా పరిచి, మీద టార్పాలిన్ కప్పి నాకు నేర్పడం మొదలుపెట్టాడు. కుస్తీలో ముందు కొట్టడం నేర్పుతారనుకున్నాను. కాదు, పడటం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపంతా ఒకేసారి నేలకు తగలాలి, చేతులు రెండూ చాపి నేలను చరచాలి. చెప్పడానికి ఇంతే. నాకు మాత్రం రాలేదు. కబడ్డీ ఆడినవాడికి గీత అందుకోవాలని చెయ్యి ముందుకు చాచి, తల ఎత్తి పడటమే వచ్చు. వారాల తరబడి పడేశాడు, నేను అట్లాగే పడ్డాను. ఒకరోజు నెత్తి మీద దిగాను. కళ్లు బైర్లు కమ్మి, కక్కుకున్నాను. ఆయన నీడలో కూర్చోబెట్టి, తల్లితో మజ్జిగ తెప్పించి తాగించాడు.

మర్నాడు వచ్చి, "జోడీల తన్నులు నేను తింట. నువ్వు ఆఖర్ల వచ్చి అందర్నీ కొట్టు. నీ మొహం జనానికి నచ్చుతది" అన్నాడు. నిజమేననుకున్నాను. ఇంటికి పోయి అద్దంలో కూడా చూసుకున్నాను. ఆ మాట వెనక సంగతి ఎన్నో ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. వదిన చెప్పింది. నాకు పడటం రాదని, పడితే మెడ విరుగుతుందని ఆయన ఆ రోజే తేల్చుకున్నాడట. నేను పడాల్సినవి కూడా కలిపి ఆయనే పడ్డాడు.

చూడనివాళ్ల కోసం జోడీ ఆట గురించి చెబుతాను. ఇద్దరు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. రింగులో ఒక్కొక్కరే ఉంటారు. రెండోవాడు తాళ్ల అవతల, తన మూలలో నిలబడాలి. లోపల ఉన్నవాడు వచ్చి చెయ్యి తాకితేనే లోపలికి రావాలి. మా ఆట అంతా అక్కడే ఉండేది. ఎదుటి ఇద్దరూ అన్నను వంతులవారీగా బాదేవాళ్లు. ఆయన పడి, లేచి, మళ్లీ పడి, మోచేతుల మీద పాకుతూ నా మూలకు వచ్చేవాడు. నేను తాళ్ల మీద నుంచి వంగి చెయ్యి చాచి అరిచేవాణ్ని. ఇంక కాస్త దూరం ఉందనగా కాలు పట్టి వెనక్కి లాగేవాళ్లు. జనం కుర్చీలు ఎక్కేవాళ్లు. ఆఖరికి చెయ్యి అందేది. నేను లోపలికి దూకి కనపడ్డవాణ్నల్లా కొట్టేవాణ్ని. చప్పట్లు, ఈలలు, పూలదండలు అన్నీ నాకు. ఆయన ఒక మూల చతికిలబడి చూస్తుండేవాడు. ఆయన మొహంలో అప్పుడు ఉండే సంతోషం నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు.

సూర్యాపేటలో ఆడితే మేం సూర్యాపేట బిడ్డలం, మిర్యాలగూడలో ఆడితే మిర్యాలగూడ బిడ్డలం. అవతలి జోడీ ఎప్పుడూ సరిహద్దుకు ఆ పక్క, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లని మైకులో చెప్పేవాళ్లు. సరిహద్దు దాటి ఆడేటప్పుడు మాత్రం మేం దుర్మార్గులం, వాళ్లు మంచివాళ్లు. కోదాడకు వచ్చేసరికి ఇదంతా గందరగోళం. అక్కడి జనంలో సగం ఇటువాళ్లు, సగం అటువాళ్లు. ఒకసారి మైకు పట్టుకున్నాయన అలవాటుగా "అవతలి రాష్ట్రం నుంచి వచ్చిన దుర్మార్గులు" అని అరవగానే ముందు వరుసలో ఒకాయన లేచి, "మేమూ అక్కణ్నుంచే వచ్చాం, టికెట్ కొనుక్కుని! దుర్మార్గులమా?" అని నిలదీశాడు. పాపం మైకాయన "దూరదేశం నుంచి" అని మార్చుకున్నాడు.

ఆ కోదాడలోనే, అన్నను చితకబాదుతుంటే చూడలేక ఒక ముసలమ్మ చెప్పు తీసుకుని రింగు మెట్లెక్కేసింది. అన్న అప్పటికి స్పృహ తప్పి పడి ఉన్నట్టు లెక్క. కళ్లు మూసుకునే, పెదవులు కదపకుండా, "అమ్మా, దిగు. కాలు జారి పడతవ్" అన్నాడు. ఆమె బిత్తరపోయి దిగింది. చెప్పు మాత్రం విసిరే దిగింది. అది నాకు తగిలింది.

"అదంతా ఉత్తదే కదా?" ఈ ప్రశ్న అడగని మనిషి నాకు ఇంతవరకు కనపడలేదు. పెళ్లిళ్లలో, బస్సుల్లో, చివరికి పన్ను పీకించుకోవడానికి పోతే ఆ డాక్టరు కూడా అడిగాడు. నాకు ఒళ్లు మండేది. అన్నకు మండేది కాదు. "గెలుసుడు ఉత్తదే. కింద పడుడు అసలుదే" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి వాళ్లు అదేదో జోకు అనుకునేవాళ్లు.

వదిన ఆటకు వచ్చింది ఒక్కసారే. సూర్యాపేటలో. వదిన కోదాడ పిల్ల, మాట కటువు. ఆట అయ్యేదాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అయ్యాక, కంపెనీ లారీ వెనక బట్టలు మార్చుకుంటున్న అన్న దగ్గరికి వచ్చి, "నువ్వు యాక్టింగ్ చేస్తున్నావని నాకు తెలుసు. నీ ఎముకలకు తెలుసా?" అన్నది. మళ్లీ ఆమె రాలేదు.

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. ఆట మొదలయ్యే ముందు ఎవరూ లేనప్పుడు చెప్పులు విడిచి రింగంతా నడిచేవాడు. కింద చెక్కలు ఎక్కడ కదులుతున్నాయో అరికాలితో చూసుకునేవాడు. కదిలే చోటు ఉంటే ఎదుటి జోడీకి కూడా చూపించేవాడు. ఆట అయ్యాక తనకు ఎన్ని తగిలినా ముందు వాళ్ల దగ్గరికి పోయి, "ఏమన్న తాకిందా తమ్మీ?" అని అడిగేవాడు. మర్నాడు పొద్దున మళ్లీ ఫోను. "దెబ్బ తెల్లారినంక మాట్లాడుతది" అనేవాడు. మాకు ఎదురు ఆడిన హైదరాబాదు కుర్రాడు ఒకడు మొన్న ఫోను చేసి ఏడ్చాడు. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ మర్నాడు ఫోను చేసిన మనిషి ఆయన ఒక్కడేనట.

నాకు మనిషిని ఎత్తి పడేయడం నేర్పేటప్పుడు గొర్రెపిల్లను తెచ్చి భుజాల మీద వేశాడు. ఎత్తాను. "దించు" అన్నాడు. దభాలున దించాను. అది కుంటుకుంటూ పోయింది. ఆయన దాని కాలు నిమిరి, నడిపించి చూసుకుని, అప్పుడు అన్నాడు. "ఎత్తుడు ఎవడైన ఎత్తుతడు. దించుడే మన పని. నీ చేతుల ఉన్నంతసేపు వాని మెడ నీది కాదురా, వాని పెండ్లాం పిల్లలది."

ఆయన మెడ గురించి మాత్రం అట్లా ఆలోచించిన మనిషి లేడు.

మొదట చాయ్ గ్లాసు జారింది. మునగాలలో హైవే పక్క ధాబాలో కూర్చున్నాం. గ్లాసు పట్టుకున్నాడు, చేతిలోంచి జారిపోయింది. "వేడిగున్నది" అన్నాడు. కొన్నాళ్లకు చొక్కా గుండీలు వదిన పెడుతున్నదని తెలిసింది. తర్వాత ఒక ఆటలో నా చెయ్యి తాకడానికి వచ్చినప్పుడు ఆయన వేళ్లు మెత్తగా, పట్టు లేకుండా తగిలాయి. వదిన పోరు పడలేక హైదరాబాదు దవాఖానకు పోతే, మెడ ఎముకల మధ్య నరం నలిగిందన్నారు. ఇంకొక గట్టి దెబ్బ తగిలితే మంచం మీదే ఉండిపోతావన్నారు.

మానేస్తాడనుకున్నాను. మానేస్తానన్నాడు కూడా. కానీ ఊరికే మానడట.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. జోడీ విడిపోయేటప్పుడు మంచిగా చేతులు కలుపుకుని విడిపోతే ఇద్దరూ అడుక్కుతినాలి. ఒకడు ఇంకొకణ్ని మోసం చెయ్యాలి. వెనక నుంచి కొట్టాలి. అప్పుడు పోయేవాడి మీద జాలి పుడుతుంది, ఉండేవాడి మీద కసి పుడుతుంది. ఆ కసితో జనం వాడి ఆటకు వస్తారు. వాడు ఎప్పుడు చిత్తవుతాడా అని ఏళ్ల తరబడి వస్తారు. అన్న లెక్క అదీ. ఆఖరి ఆటలో నేను ఆయన్ని కుర్చీతో కొట్టాలి.

"నీ నెత్తి మీద కుర్చీ ఎత్తితే నా చేతులు పడిపోతయ్" అన్నాను.

"వీపు మీద కొట్టురా. నెత్తి ఎవడన్నడు?"

"నేను కొట్ట."

"నేను ఊకె పోతే నీకేం మిగులతది? నీకు పడుడు రాదు. ఒక్కనివే ఆడాలంటే జనం నీ మీద ఉడుకుతుండాలె. లేకపోతే నిన్ను ఎవడు పిలుస్తడు?"

కొన్ని రోజులు మాటలు లేవు మా మధ్య. ఆఖరికి నేనే ఒక దారి చెప్పాను. కొట్టను. ఆయన పాకుతూ వచ్చి చెయ్యి చాచినప్పుడు, నా చెయ్యి వెనక్కి తీసుకుని దిగి వెళ్లిపోతాను. ఎవరికీ దెబ్బ తగలదు. ఆయన "కుర్చీ కంటే గిదే ఎక్కువ తాకుతదిరా" అన్నాడు. ఒప్పుకున్నాడు. అప్పుడే ఒట్టు వేయించుకున్నాడు, ఇది వదినతో కలిపి మన ముగ్గురి మధ్యే ఉండాలని. చేతులు పడిపోయి ఇంట్లో కూర్చున్నాడని జనం అనుకోవడం ఆయనకు ఇష్టం లేదు. తమ్ముడు మోసం చేస్తే ఆట వదిలేశాడంటే అందులో ఒక మర్యాద ఉందన్నాడు. ఆ మర్యాదకు నేను ఏమవుతానో నాకు అప్పుడు తెలియదు. తెలిసినా ఒట్టు వేసేవాణ్నే.

మిర్యాలగూడలో ఆట. వరికోతలు అయిపోయి, రైస్ మిల్లుల హమాలీలు, రైతులు, ఆడవాళ్లు, పిల్లలు, నేల ఈనినట్టు జనం. ఎదుటి జోడీకి మెడ సంగతి అన్న ముందే చెప్పుకున్నాడు, దెబ్బలు ఎక్కడ తగలకూడదో వాళ్లకు తెలియాలి కదా. ఆఖర్న నేను చేయబోయేది మాత్రం వాళ్లకు కూడా చెప్పలేదు. వాళ్లు ఆ రోజు ఆయన్ని గుడ్లబుట్టను దించినట్టు దించారు. చూసేవాళ్లకు మాత్రం చంపేస్తున్నారనిపించింది. ఎప్పటిలాగే పడ్డాడు, పాకాడు. ఎప్పటిలాగే నేను తాళ్ల మీద వంగి అరిచాను. జనం లేచి నిలబడ్డారు.

చెయ్యి దగ్గరికి వచ్చింది. నేను తీయాలి. తీయలేకపోయాను. ఏళ్ల తరబడి ఆ చెయ్యి కోసమే కదా చాచి నిలబడ్డది. ఆ వేళ్లు వణుకుతున్నాయి. అది నటన కాదని ఆ మైదానం మొత్తంలో నాకొక్కడికే తెలుసు. ఇంకొక అంగుళం వస్తే తాకేస్తుంది, తాకితే అనుకున్నదంతా పోతుంది. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. పెదవులు కదపకుండా, "తియ్యి" అన్నాడు. నేను కదల్లేదు. "తియ్యిరా" అన్నాడు మళ్లీ.

తీశాను. చెయ్యి గుంజుకుని, కిందికి దూకి, వెనక్కి చూడకుండా నడిచాను.

ముందు ఒక ఆడగొంతు, "అన్నరా వాడు! నీ అన్నరా!" అని అరిచింది. ఇంక నీళ్ల ప్యాకెట్లు, చెప్పులు, బూతులు. నా వెనక రెఫరీ చేత్తో నేల చరచడం, అన్న ఓడిపోయినట్టు గంట కొట్టడం వినపడింది. లారీ వెనక్కి పోయి, టైరుకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. కాసేపటికి అన్నను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. వాళ్లు అటు పోగానే నా పక్కన కూర్చున్నాడు.

"ఏడ్చిన్రా?" అని అడిగాడు.

"ఏడ్చిన్రన్నా. ఒకామె అయితే ఘోరం."

"అయితే మంచిగ అయింది" అన్నాడు. మొహం వెలిగిపోతున్నది.

నేనింకో విషయం అప్పుడు ఊహించలేదు. ఆటంతా ఉత్తదని తెలిసినవాళ్లు కూడా ఆ ఒక్కటి నిజమని నమ్మారు. గుద్దులు ఉత్తవి అంటారు, గెలుపు ఉత్తది అంటారు, ద్రోహం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఉత్తది అనరు. వీడియో ఫోన్లలో తిరిగింది. మునగాలలో మా అమ్మను చర్చి బయట ఆపి, నీ కొడుకు ఏం చేశాడని అడిగారు. సూర్యాపేటలో ఒక హోటలాయన నా ముందు పెట్టిన ప్లేటు తీసేశాడు. అన్న చెప్పినట్టే జనం నన్ను చూడటానికి వచ్చారు, నేను చిత్తయితే చూడాలని వచ్చారు. కంపెనీ మూతపడేదాకా ఆ కసి మీదే బతికాను. ఇప్పుడు స్కూల్లో ఆటలు నేర్పుతున్నాను. అక్కడా కొందరు తల్లిదండ్రులకు నేను ఆ తమ్ముణ్నే.

అన్న కోదాడలో వదిన బట్టలు కుట్టే దుకాణం ముందు కూర్చునేవాడు. చేతుల మీద ఎప్పుడూ తువ్వాలు కప్పుకుని ఉండేవాడు. ఎవరైనా చాయ్ ఇస్తే మానేశానని చెప్పేవాడు. తమ్ముడు చేసిన పనికి మనిషి కుంగిపోయాడని, చాయ్ కూడా ముట్టడం లేదని వీధి వీధంతా చెప్పుకుంది. వదిన అది వింటూ మిషను తొక్కుకుంటూ కూర్చునేది.

మేం మునగాలలో కలుసుకునేవాళ్లం. అటు నుంచి ఆయన, ఇటు నుంచి నేను. ధాబా వెనక, నీళ్ల ట్యాంకు నీడలో మంచం వేసి ఇచ్చేవాడు ఓనరు. ఆయనకు విషయం తెలియదు, అన్నదమ్ములు మళ్లీ కలుస్తున్నారని సంబరపడేవాడు. అక్కడ అన్న చాయ్ తాగేవాడు. గ్లాసు నేను పట్టుకునేవాణ్ని. ఒక మధ్యాహ్నం అడిగాను. "కంపెనీ లేదు, ఆట లేదు. ఇంకెందుకన్నా దాచుడు? నేను మంచోణ్నని ఒక్కసారి చెప్పు."

ఆయన బాధపడ్డాడు. అది చూశాను. అయినా, "మిర్యాలగూడల గంతమంది ఏడ్చిన్రు కదరా" అన్నాడు. "గదంతా ఉత్తదే అని ఎట్ల సెప్పాలె? వాళ్ల ఏడుపు వాపసు ఇస్తమా?"

నాకు కోపం వచ్చింది. లేచి బస్సెక్కి వచ్చేశాను. పై వారం మళ్లీ పోయాను. ఆయన మీద కోపం నాకు అంతకంటే ఎక్కువ ఆగేది కాదు.

ఇంక అన్న పోయిన రోజు సంగతి. వీధి మొదట్లో ఆటో దిగాను. శామియానా, కుర్చీలు, డప్పులు. నన్ను చూడగానే డప్పుల వాళ్ల దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. మార్కెట్ యార్డులో జీవితమంతా బస్తాలు మోసిన మనిషి, అన్న పక్కింటాయన. రోజూ సాయంత్రం అన్నతో కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

"ఎందుకొచ్చావయ్యా ఇప్పుడు?" అన్నాడు. "ఆ రోజు గుంజుకున్న చెయ్యి ఇప్పుడు తెచ్చావా? పో."

ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. ఒక్క మాట చాలు. అన్న చేతులు పనిచేయడం లేదని, చెయ్యి తియ్యమన్నది ఆయనేనని, నాకు పడటం రాదని నా దెబ్బలన్నీ ఆయన తిన్నాడని గొంతు చించుకుని చెప్పాలని నోరు తెరిచాను. గడపలో వదిన నిలబడి ఉంది. నన్నే చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపింది. నిజమే. ఆ మాట అక్కడ అంటే, అద్దాల పెట్టెలో పడుకున్న మనిషి చేతుల వైపే అందరూ చూస్తారు. ఇన్నేళ్లు తువ్వాలు కింద దాచుకున్నది నేను నలుగురిలో విప్పినట్టు అవుతుంది. నోరు మూసుకున్నాను. వదిన వచ్చి, "చూసి పోనివ్వండి బాబాయ్" అన్నది. చూశాను. గడ్డం చేసి, బొట్టు పెట్టి, చక్కగా ఉన్నాడు. ముట్టుకోనివ్వలేదు. బయటికి వచ్చి కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాను.

పాడె లేచింది. ఊరి నుంచి వచ్చిన బంధువులు, వీధిలోవాళ్లు భుజాలు పట్టారు. నేను అందరి కంటే వెనక నడిచాను. అన్నను మోయాలని ఉందని ఎవరిని అడగను? ముందు నడిచేవాళ్లు మధ్యమధ్య వెనక్కి తిరిగి నన్ను చూసి ఏదో అనుకుంటున్నారు. నేను వాళ్లకు కావలసినట్టే తల వంచుకుని నడిచాను. ఆయన నాకిచ్చిన ఆఖరి వేషం అది, చెడగొట్టదలచుకోలేదు. కానీ ఏడుపు ఆగలేదు.

కాలువ గట్టు మీద దారి ఇరుకు. మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. పెద్దాయన మాత్రం ఇంటి దగ్గర పట్టిన వెనక కొమ్ము ఎవరికీ ఇవ్వలేదు. బస్తాలు మోసిన భుజం, పౌరుషం. గట్టు ఎక్కేసరికి ఆయన అడుగు తడబడింది. పాడె ఒకవైపు ఒరిగింది. కుర్రవాళ్లంతా ముందు డప్పుల దగ్గర ఉన్నారు. ఆయన వెనక్కి తిరిగాడు. నేనే ఉన్నాను.

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కళ్లలో అసహ్యం ఏమీ తగ్గలేదు.

"ఎంత ద్రోహం చేసినా తోడబుట్టినోడివి" అన్నాడు. "రా. పట్టు."

నేను ద్రోహం చేయలేదు. ఆయనకు తోడబుట్టలేదు. పెద్దాయన అన్న ఆ రెండూ అబద్ధాలే. రెండింటినీ నేను కాదనలేదు. వంగి, ఆయన భుజం పక్కన నా భుజం పెట్టి, బరువు అందుకున్నాను. పెద్దాయన తప్పుకున్నాడు గానీ ముందుకు పోలేదు. నా మొహం చూడలేదు. గట్టు మీద నా కాలు జారకుండా నా మోచెయ్యి పట్టుకుని శ్మశానం దాకా పక్కనే నడిచాడు.